పాడె మీంచి లేచి నవ్వాలి

సీన్ 1. మా ఇల్లు. పగలు.

నా చావుని నేను మా ఇంట్లో సోఫా మీద కాళ్లు చాపుకుని, ఉప్మా తింటూ చూశాను. ఫరవాలేదు, బాగానే చచ్చాను. మెడ కాస్త పక్కకి వాల్చి ఉంటే ఇంకా బాగుండేది. నేనైతే వాల్చేదాన్ని. కానీ ఆ పాడె మీద పడుకున్నది నేను కాదు, నా అచ్చు.

'పసుపు గుమ్మం' సీరియల్లో పెద్దకోడలు భ్రమరాంబని నేనే. పందొమ్మిదో ఏట తణుకు నుంచి వచ్చి, ఆస్పత్రి సీన్లలో నర్సుగా ట్రేలు మోసి, ఒక సీరియల్లో ఆడపడుచుగా పాలల్లో విషం కలిపి, చివరికి ఈ కోడలి పాత్రలో స్థిరపడ్డాను. ఇరవై రెండేళ్ల కాపురం. మొదట్లో నా ఏడుపు నేనే ఏడ్చేదాన్ని. గ్లిజరిన్ లేకుండా ఎడమ కంట్లోంచి ఒక్క చుక్క మాత్రమే రాల్చగలనని ఫీల్డులో నాకు పేరు. తర్వాత అచ్చులొచ్చాయి, మన ముఖం చూసి కంప్యూటరు ఆడించే బొమ్మలు. నెలకోసారి స్టూడియోలో అచ్చు గదికి వెళ్లి, కుర్చీలో కూచుని, కోపం, దుఃఖం, దిగ్భ్రాంతి వరసగా ముఖం మీద పలికించి వచ్చేస్తే చాలు. మిగతా నెలంతా నా అచ్చే తెర మీద తిట్లు తిని, అందర్నీ క్షమించి, తులసికోట దగ్గర దీపం పెడుతుంది. గొంతు మాత్రం మొదటి రోజు నుంచీ నాది కాదు. నా యాస పనికిరాదని డబ్బింగ్ అమ్మాయి చేత చెప్పించారు.

నన్ను చంపెయ్యి నాయనా అని డైరెక్టర్ భార్గవ్‌ని ఏడాదిగా నేనే వేధించాను. మోకాళ్లు అరిగాయి, ముఖం అంతకన్నా ఎక్కువ అరిగింది. కూరగాయల బండి దగ్గర నన్ను సువర్చల అని పిలిచిన మనిషి ఒక్కడూ లేడు. అందరికీ భ్రమరాంబమ్మనే.

"చంపుతాను మేడమ్. కానీ మీ అమ్మాయిని ఒక్కసారి అచ్చు గదికి పంపండి. భ్రమరాంబకి తప్పిపోయిన కూతురుందని కథ లాగుదాం. అచ్చం మీ కళ్లే" అన్నాడు భార్గవ్.

"నా కూతురి ముఖం జోలికొస్తే మర్యాద దక్కదు" అన్నాను. ముఖం ఒకసారి ఇస్తే తిరిగి రాదు, అది నాకు బాగా తెలుసు. శర్వాణి డిగ్రీ చదువుకుంటోంది. వాళ్ల నాన్న విశాఖలో వేరే కాపురం పెట్టుకున్నాక నాకు మిగిలింది అదొక్కతే. దాని ముఖం దానికే ఉండాలి.

సీరియల్ అయిపోగానే మరియమ్మ ఫోన్ చేసింది. నా మొదటి రోజు నుంచీ నాకు మేకప్ చేసిన మనిషి.

"నవ్వు తీశారా అమ్మా?" అంది.

మాలో ఒక పద్ధతుంది. శవంగా పడుకున్నవాళ్లు, షాట్ అవగానే, మెళ్లో దండ తియ్యకముందే లేచి కూచుని కెమెరాలోకి చూసి నవ్వాలి. అప్పటిదాకా కెమెరా ఆపకూడదు. ఆ నవ్వు సీరియల్లో వెయ్యరు, ఊరికే తీసి పెట్టుకుంటారు. ఆ తర్వాతే గుమ్మడికాయ కొట్టి దిష్టి తీస్తారు.

భార్గవ్‌ని అడిగితే పకపకా నవ్వాడు. "అచ్చుకి దిష్టేమిటి మేడమ్? మీరు హాయిగా ఇంట్లో ఉన్నారుగా!" అన్నాడు. నిజమే కదా అనిపించింది. ఉప్మా గిన్నె కడిగేసి పడుకున్నాను.


సీన్ 2. లిఫ్టు ముందు. పగలు.

ఇవాళ జరిగింది రాసుకోకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది. పాత స్క్రిప్టు కాగితాల వెనక రాస్తున్నాను.

భ్రమరాంబ పోయిందని ఊరు ఊరంతా ఏడుస్తోంది. మా అంతస్తులోనే ఎదురింటి అనసూయమ్మ నా ఫొటోకి, అంటే భ్రమరాంబ ఫొటోకి, బంతిపూల దండ వేసి ముందు దీపం పెట్టింది. కింద వాచ్‌మన్ గదిలో కూడా ఒకటి ఉంది. నాకు కాస్త గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

పాలకని బయల్దేరి లిఫ్టు ముందు నిలబడ్డాను. తలుపు తెరుచుకోలేదు. ఈ ఊళ్లో తాళాలు, కార్డులు పోయి చాలాకాలమైంది. ప్రతి తలుపు మీదా ఒక కన్ను ఉంటుంది. అది చూస్తుంది, మాట్లాడుతుంది. వినడం మాత్రం దానికి పెట్టలేదు. ఎవరూ దానికేమీ చెప్పలేరు. చూసి నేర్చుకుంటుంది అంతే. గుమ్మంలో బియ్యం చెంబు తన్నిన పిల్లని చూసి ఈ ఇంటి కోడలని నేర్చుకుంటుంది. ఎవరి ఫొటోకి దండ పడిందో చూసి, ఇక వాళ్లకి తలుపు తియ్యక్కర్లేదని నేర్చుకుంటుంది.

ఆ మాట తోచగానే ఎదురింటి తలుపువైపు తిరిగి చూశాను.

అనసూయమ్మ చెత్తబుట్టతో బయటికొచ్చింది. "లిఫ్టు పాడైనట్టుందండీ" అన్నాను. ఆవిడ నావైపు తిరిగి, కళ్లజోడు సవరించుకుని, నా తల పక్కన గోడవైపు చూసింది.

"సువర్చలమ్మా? యాడున్నవ్?"

"ఇదుగో, మీ ముందే ఉన్నాను."

"గొంతేమో నీదే ఇనొస్తుంది. మొఖం కాడ పొగ లెక్క ఉంది. అయ్యో నా తల్లీ, ఇదేంది!" అంటూ ఆవిడ బుట్ట అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తి తలుపేసుకుంది.

ఇప్పుడు అందరి కళ్లజోళ్లూ తలుపుల కన్నుతోనే కలిసి ఉంటాయి. పోయినవాళ్ల ముఖం ఎక్కడ కనిపించినా దాన్ని పొగలా చెరిపేస్తాయి. పాత వీడియోల్లో హఠాత్తుగా అమ్మో నాన్నో కనిపిస్తే మనసు కష్టపడుతుందని ఆ ఏర్పాటు. మంచి ఏర్పాటే అనుకునేదాన్ని. మెట్లు దిగుతుంటే మోకాళ్ల కంటే ఎక్కువగా గుండె పీకింది.


సీన్ 3. ముఖాల ఆఫీసు. పగలు.

నా బీపీ మాత్రలు అయిపోయాయి. మందుల షాపు తలుపు తెరుచుకోలేదు. బస్సు నన్ను చూసి ఆగకుండా పోయింది. కన్నుకి తెలిసిన ముఖాల లెక్కలు చూసే ముఖాల ఆఫీసుకి నడుచుకుంటూ వెళ్లాను. అక్కడ పాత పద్ధతిలో కిటికీ ఉంది కాబట్టి సరిపోయింది. లోపలున్న ఆయన కళ్లజోడు తీసి నన్ను చూసి, ముందు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

"భ్రమరాంబ గారూ! మా ఆవిడ నిన్నటి నుంచీ అన్నం తినట్లేదండీ."

"ఆవిణ్ణి తినమనండి. నేను బతికే ఉన్నానని మీ కన్నుకి చెప్పండి."

"చెప్పడం కుదరదమ్మా. దానికి చూపించాల్సిందే."

"ఏం చూపించాలి? నిలబడ్డాను, నడిచాను, మీతో మాట్లాడుతున్నాను!"

"అవన్నీ పోయినవాళ్లు కూడా చేస్తారండీ, పాత వీడియోల్లో." ఆయన నిజంగానే బాధపడుతూ చెప్పాడు. "లక్షల ఇళ్లల్లో మీకు దండ పడింది. పాడె మీద పడుకోవడం కన్ను చూసింది. ఆ తర్వాత ఏం జరిగిందో దానికి తెలియదు. ఒక జాగ్రత్త చెబుతాను, ఏమనుకోకండి. కన్ను ఉన్నచోట పడుకోకండి."

"ఎందుకని?"

"వైకుంఠ రథం వస్తుందమ్మా" అని చెప్పి, వెనక ఉన్నవాళ్లని పిలిచాడు.


సీన్ 4. మా ఇల్లు, హాలు. పగలు.

ఆయన మాటని నేను సగమే నమ్మాను. ఎండలో నడిచొచ్చిన అలసటకి, మధ్యాహ్నం అన్నం తిని హాల్లో చాప మీద అలా వాలాను. శర్వాణి పొద్దున్నే కాలేజీకి వెళ్లిపోయింది; తలుపు నాకు తెరుచుకోదని, ఆఫీసుకి బయల్దేరేటప్పుడు చెప్పు అడ్డం పెట్టి వెళ్లాను కాబట్టి లోపలికి రాగలిగాను.

చల్లగా ఏదో ఒంటికి తగిలి మెలకువ వచ్చింది. తెల్లగుడ్డ. నా కాళ్ల నుంచి మెడ దాకా కప్పి ఉంది. నా రెండు పక్కలా ఇనప చేతులు నేలకి ఆని ఉన్నాయి. మా ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. ఉదయం నుంచీ నాకు తెరుచుకోని తలుపు దానికి తెరుచుకుంది. గుమ్మంలోంచి, లిఫ్టులో పట్టేంత సన్నటి వైకుంఠ రథం ముందు భాగం లోపలికి వచ్చి ఉంది. గోవింద నామాలు మెల్లగా వినిపిస్తున్నాయి. డ్రైవరు లేడు. ఈ రథాలకి ఎప్పుడూ ఉండడు.

నేను అరవలేకపోయాను. ఎన్ని వందల సార్లు కెమెరా ముందు కెవ్వున అరిచాను! నిజంగా అరవాల్సినప్పుడు గొంతులోంచి గాలి కూడా రాలేదు. ఇనప చేతులు నా నడుం కిందికి దూరి పైకెత్తడం మొదలుపెట్టాయి. అప్పుడు లేచి కూచున్నాను.

చేతులు ఆగిపోయాయి. కూచున్న శవాన్ని ఏం చెయ్యాలో దానికి ఎవరూ ఎప్పుడూ చూపించలేదు కాబోలు. కాసేపు అలాగే ఉండి, నన్ను చాప మీద దించి, గుడ్డ మడత పెట్టుకుని, లిఫ్టులో కిందికి దిగిపోయింది. కిటికీలోంచి చూస్తే మా గేటు ముందే ఆగి ఉంది, నామాలు ఆపకుండా.

శర్వాణి వచ్చేసరికి నేను స్నానాలగదిలో బకెట్టు బోర్లించుకుని దాని మీద కూచుని ఉన్నాను. అక్కడొక్కచోటే కన్ను ఉండదు.

"అమ్మా, ఎక్కడున్నావే? గేటు దగ్గర ఆ బండేంటి?"

"ఇదిగోనే, నీ ఎదురుగానే" అన్నాను.

అది నా గొంతు వినపడ్డవైపు చూసింది. దాని చూపు నన్ను దాటి వెనకున్న పంపు మీద పడింది. నా కన్నబిడ్డకి నేను కనపడలేదు. ఇరవై రెండేళ్లుగా నేను నటించిన దుఃఖమంతా వట్టిదని నాకు ఆ క్షణాన తెలిసింది.

ఆరేళ్లప్పటి నుంచి అది కళ్లజోడు తియ్యలేదు. ఇప్పుడు తీసింది. తీసి, కళ్లు చికిలించి, నా బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"నీ జుట్టు ఇంత తెల్లగా ఉంటుందా అమ్మా?" అంది. ఆ జోళ్లు తెల్లజుట్టు కూడా చూపించవని నాకు తెలియదు. ఇద్దరం ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చాం.


సీన్ 5. స్నానాలగది. పగలు.

నిద్ర లేదు. బకెట్టు మీద కూచుని గోడకి తల ఆనించి కునుకు తీస్తున్నాను. జారిపడి గుమ్మంలోంచి బయటికి దొర్లితే ఆ చేతులు ఎత్తుకుపోతాయని భయం. రథం కదలట్లేదు. వాచ్‌మన్ దానికి పువ్వులు కూడా పెట్టాడట.

మరియమ్మ మెట్లెక్కి వచ్చింది. కళ్లజోడు అసలు వాడని మనిషి. అది పెట్టుకుంటే చర్మం రంగు తేడాగా కనపడుతుందని, మేకప్ పాడైపోతుందని ఎప్పుడూ పెట్టుకోలేదు. నన్ను నేరుగా చూసి, "ఏంది సువర్చలమ్మా, కళ్ల కింద ఈ నలుపేంది? నేనే ఇంత నలుపు ఎప్పుడూ వెయ్యలేదే" అంది. ఎవరో నన్ను మనిషిలా చూసి తిట్టినందుకు ప్రాణం లేచొచ్చింది.

"మరియమ్మా, మామగారి వేషాలేసే మన పేర్రాజు గారు మూడు సీరియళ్లలో పోయారు కదా. ఆయనకి ఇంటింటా దండలు పడ్డాయి. మరి ఆయనకి ఏ తలుపూ మూసుకోలేదేం?" అని అడిగాను. రెండు రోజులుగా నా బుర్రలో అదే తిరుగుతోంది.

"ఆయన అచ్చుల్ని ఒప్పుకునేవోడు కాదుగా. తనే పడుకునేవోడు. లేచి నవ్వేవోడు. పళ్లు లేకపోయినా ఏం నవ్వు నవ్వేవోడమ్మా!"

శర్వాణి కూడా నా పక్కనే నేల మీద కూచుని ఉంది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. స్టూడియో కెమెరాలన్నీ కన్నుకి చూపు ఇచ్చేవే. మామగారు చావడమూ చూసింది, లేచి నవ్వడమూ చూసింది. నా విషయంలో చావొక్కటే చూసింది. నవ్వు తియ్యలేదు.

"అయితే చూపిద్దాం" అంది శర్వాణి. "అదే పాడె, అదే దండ. నువ్వే పడుకో. లేచి నవ్వు."

"పడుకుంటే ఆ బండి వస్తుందే."

"రానీ. అది కూడా చూస్తుంది" అంది.  


సీన్ 6. స్టూడియో, భ్రమరాంబ ఇంటి సెట్. పగలు.

భార్గవ్ సులువుగానే ఒప్పుకున్నాడు. భ్రమరాంబ పోయాక సీరియల్ చూసేవాళ్లు సగానికి పడిపోయారట. "దాందేముంది మేడమ్, తీద్దాం" అన్నాడు, కళ్లజోడు తీసి నావైపు చూస్తూ. వాడి ముఖంలో ఏదో వెలుగు కనిపించింది. అప్పటికి నాకు ఆలోచించే ఓపిక లేదు.

మరియమ్మ ముక్కులో దూది పెట్టింది, పాదాలకి పసుపు రాసింది, నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టింది. పుణ్యస్త్రీ మేకప్. చేతులు చల్లబడి ఉంటే రుద్ది వెచ్చచేసింది. శర్వాణిని కెమెరాకి దూరంగా, లైట్ల వెనక నిలబడమన్నాను. నేను పాడె మీద పడుకున్నాను.

"యాక్షన్" అన్నాడు భార్గవ్.

కళ్లు మూసుకున్నాను. గోవింద నామాలు దూరంగా మొదలై దగ్గరయ్యాయి. మా గేటు నుంచి నా వెనకే వచ్చింది మరి. ఇనప చేతులు నా భుజాల కిందికి వచ్చాయి. లేవకూడదు, పూర్తిగా చూడనివ్వాలి. నన్ను ఎత్తింది. గాల్లో తేలి, రథం లోపలి చల్లటి పళ్లెం మీద పడ్డాను. నడుము మీద బెల్టు పడింది. తలుపు కిందికి దిగుతున్న చప్పుడు.

లేచి కూచున్నాను. తలుపు ఆగింది. కెమెరా నా ముఖంలోకి చూస్తోంది. ఇక నవ్వాలి.

నవ్వు రాలేదు. పెదాలు సాగదీశాను, పళ్లు చూపించాను. ఎడమ కంట్లోంచి ఒక్క చుక్క రాలింది. ఇరవై రెండేళ్లు చేసిన పని అదే కదా, ముఖం ఆ దారే పట్టింది. పాపిష్టి ముఖం! రథానికి అనుమానం తీరినట్టుంది, తలుపు మళ్లీ దిగడం మొదలుపెట్టింది. "మేడమ్, నవ్వండి మేడమ్!" అని భార్గవ్ అరుస్తున్నాడు. 

అప్పుడు లైట్ల వెనక నుంచి శర్వాణి ముందుకి దూకింది. చిన్నప్పుడు నన్ను ఏడిపించడానికి చేసేది: సీరియల్లో నేను చెడ్డవార్త వినే షాటు. గుండె మీద చెయ్యి వేసుకుని, గిర్రున తల తిప్పి, "ఢాం!" అంది. మళ్లీ ఇటు తిప్పి "ఢాం!" మూడోసారి కళ్లు పత్తికాయల్లా చేసి, తూలి పడబోయి, స్తంభం పట్టుకుని "ఢాఁం!" అంది. ఆ స్తంభం థర్మోకోల్‌ది. ఊడి దాని నెత్తి మీద పడింది.

నాకు నవ్వొచ్చింది. ముక్కులో దూది ఎగిరిపోయేలా, కడుపు పట్టుకుని, దండ తెగేలా నవ్వాను. అది కూడా నవ్వుతూ నా పక్కకొచ్చి కూలబడింది. బెల్టు ఊడిపోయింది. నామాలు ఆగిపోయాయి. రథం మమ్మల్నిద్దర్నీ దించేసి తన దారిన వెళ్లిపోయింది.

ఆ నవ్వులో శర్వాణి కూడా కెమెరాలో పడిందని నాకు తట్టలేదు.


సీన్ 7. మా ఇంటి గుమ్మం. పగలు.

లిఫ్టు నన్ను చూసి తెరుచుకుంది. ఆనందంతో దాని గోడని ముద్దు పెట్టుకోబోయాను.

"రండి, భ్రమరాంబ గారూ" అంది కన్ను.

ఏదో పొరపాటులే అనుకున్నాను. అనసూయమ్మ ఎదురొచ్చి, కళ్లజోడులో నా పేరు చదువుకుని, నా కాళ్ల మీద పడింది. "బతికొచ్చినవా భ్రమరమ్మా! నా మొక్కు ఫలించింది" అని ఏడ్చింది. భార్గవ్ ఆ నవ్వుని అప్పుడే టీవీలో వేసేశాడు. ఎప్పుడూ వెయ్యనిది వేసేశాడు. భ్రమరాంబ లేచిందని లక్షల ఇళ్లలో దండలు తీసి హారతులు ఇస్తున్నారు.

మా ఇంటి తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"ఈ ఇంటి యజమానురాలు సువర్చల గారు స్వర్గస్థులయ్యారు. భ్రమరాంబ గారూ, ఇది మీ ఇల్లు కాదు" అంది కన్ను, చాలా మర్యాదగా.

అక్కడే గుమ్మంలో కూలబడ్డాను. కన్ను చూసిన ముఖం ఒకటే. పోవడం చూసింది, లేవడం చూసింది. లేచింది భ్రమరాంబ అని ఊరంతా హారతి ఇచ్చి మరీ చూపించింది. అయితే పోయింది ఎవరు? ఆ ముఖంతో మిగిలింది సువర్చలే. దాని లెక్కలో తప్పేమీ లేదు. నన్ను సువర్చల అని పిలిచేవాళ్లు ఎంతమంది ఉన్నారు గనక?

"నువ్వు రా అమ్మా" అని శర్వాణి నా చెయ్యి పట్టి లోపలికి లాగింది. తలుపు మీద ప్రమాద గంట మోగింది. వాచ్‌మన్, ఇద్దరు పోలీసులు పరిగెత్తుకొచ్చారు. కన్నుకి కనపడింది ఏమిటంటే, పేరున్న మనిషిని ఎవరో పిల్ల బలవంతంగా ఇంట్లోకి ఈడుస్తోంది.

"మా అమ్మండీ!" అని శర్వాణి ఏడుస్తోంది.

"అందరూ అట్లే అంటరు బిడ్డా. భ్రమరాంబమ్మ అందరికీ అమ్మే" అన్నాడు పోలీసు. దాన్ని పక్కకి లాగి, ఇంకోసారి నన్ను ముట్టుకుంటే కేసు పెడతామన్నాడు. అది నా కూతురేనని నేను మొత్తుకున్నా, కన్ను చెప్పిందే నిజమంటూ వాళ్లు నన్ను ఎంతో గౌరవంగా బండెక్కించి నా ఇంటికి చేర్చారు. నా ఇల్లంటే స్టూడియోలోని సెట్. ప్లైవుడ్ గుమ్మం నన్ను చూడగానే తెరుచుకుంది.


సీన్ 8. సెట్. పగలు.

భ్రమరాంబ పట్టెమంచం మీదే ఉంటున్నాను. దానికి పరుపు లేదు, పైన దుప్పటి మాత్రమే. గోడకి వెనక వైపు లేదు. రోజూ షూటింగ్. జనం ఇప్పుడు అచ్చు వద్దంటున్నారట, లేచొచ్చిన భ్రమరాంబే కావాలంటున్నారట, ఆ నవ్వులో పక్కన కూలబడ్డ పిల్లెవరని కూడా అడుగుతున్నారట. శర్వాణి స్టూడియో గేటు అవతల నిలబడి చెయ్యి ఊపుతుంది. దగ్గరికొస్తే గంట మోగుతుంది. ఒకసారి దానికి జ్వరం వచ్చి ముఖం పీక్కుపోయి ఉంటే, నుదుటి మీద చెయ్యి వెయ్యలేకపోయాను. ఇలాగే ఉండిపోతామా? దాని పెళ్లి, దాని పురుడు కూడా గేటు ఇవతల నుంచే చూస్తానా?

ఇవాళ సీను: భ్రమరాంబ తులసికోటకి నీళ్లు పోస్తుంటే గుమ్మంలో ఎవరో వస్తారు. ఎవరో భార్గవ్ చెప్పలేదు. "మీ రియాక్షన్ సహజంగా రావాలి మేడమ్" అన్నాడు.

నీళ్లు పోస్తూ తలెత్తాను. గుమ్మంలో లంగా ఓణీతో శర్వాణి.

చెంబు నా చేతిలోంచి జారింది. వద్దని తల ఊపాను. అది నవ్వుతూ, ఏడుస్తూ గుమ్మం దాటి వచ్చింది.

"అమ్మా" అంది. డైలాగు అదొక్కటేనట, మిగతాది అదే కలిపింది. "చెప్పడం కుదరదన్నారుగా. చూపిస్తున్నా. పద, ఇంటికి పోదాం."

కావలించుకున్నాను. గంట మోగలేదు. స్టూడియో అంతా చప్పట్లు కొట్టింది. దాని చెవిలో అడిగాను, "అచ్చు గదికి వెళ్లావా?"

"నిన్ననే వెళ్లాను. అది లేకపోతే ఈ సీను ఇవ్వనన్నారు."

ఆ సీను చూసి మేం తల్లీకూతుళ్లమని కన్ను నేర్చుకుంది, సాయంత్రం మా ఇంటి తలుపు తెరుచుకుంది. "రండి భ్రమరాంబ గారూ. రండి అమ్మాయి గారూ" అంది. శర్వాణి అని కూడా అనలేదు. శర్వాణి మాత్రం గెంతుతూ వంటింట్లోకి పోయి కాఫీ పెట్టింది. నేను హాల్లో నిలబడి తలుపు మీద కన్నునే చూస్తూ ఉండిపోయాను. నాకు ఒక్క నిమిషమైనా సంతోషం నిలవలేదు.


సీన్ 9. స్టూడియో, తర్వాత మా ఇల్లు. పగలు.

కథ చెప్పడానికి భార్గవ్ పిలిచాడు. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించాడు. ఆ మర్యాదకే నాకు అనుమానం వచ్చింది.

"మేడమ్, తల్లీకూతుళ్ల ట్రాక్ ఆకాశంలో ఉంది. కానీ జనం భ్రమరాంబ ఏడుపు మిస్ అవుతున్నారు. అందుకని..." వాడు నా కళ్లలోకి చూడలేదు. "కూతురు పోతుంది. మళ్లీ లేస్తుందో లేదో తర్వాత ఆలోచిద్దాం."

వాడి కాళ్లు పట్టుకున్నాను. నిజంగానే పట్టుకున్నాను, నా వయసు, నా పేరు అన్నీ మరిచిపోయి.

"అయ్యయ్యో, లేవండి మేడమ్. పైవాళ్లు ఓకే చేసేశారు. అమ్మాయి రావక్కర్లేదు, మీకు కష్టం కలగదు. ముఖం ఇచ్చేసిందిగా, అచ్చు ఉంది. ఇంట్లో కూచుని చూస్తే చాలు."

ఇంట్లో కూచుని, ఉప్మా తింటూ.

లేచి, చీర సర్దుకున్నాను. మరియమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా వింటోంది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అచ్చుని పడుకోబెట్టడానికి వీల్లేదు" అన్నాను. "పాడె మీద నా కూతుర్నే పడుకోబెట్టండి. మేకప్ మరియమ్మ చేస్తుంది. దండ నేనే వేస్తాను. అది లేచి నవ్వేదాకా కెమెరా ఆపిన వాణ్ణి బతకనివ్వను."

 ఏ తల్లైనా ఇలా అడుగుతుందా అన్నట్టు భార్గవ్ నన్ను చూశాడు. మరియమ్మ మాత్రం తల ఊపి, దూది కొనడానికి బయల్దేరింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి శర్వాణికి చెప్పాను. అది వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది. కాసేపయ్యాక హాల్లో చాప పరిచి దాన్ని పడుకోమన్నాను. తలుపు మీద కన్ను మా ఇద్దర్నీ చూస్తోంది.

"కళ్లు మూసుకో. ఊపిరి బిగబట్టు. నేను భుజం తట్టగానే లేచి నవ్వాలి" అన్నాను.

తట్టాను. లేచింది.  దాని ఎడమ కంట్లోంచి ఒక్క చుక్క మాత్రమే రాలింది, అచ్చం నాలాగే.

"కాదు" అన్నాను. "మళ్లీ పడుకో."